ఇంజనీరు తయారయ్యేది ఎక్కడ?

ఏటా వేసవి వెళ్ళి, ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగు ముగిసే రోజుల్లో మన గోదావరి జిల్లాల వీధి అరుగుల మీద ఒక మాట తరచుగా వినబడుతుంది. "మావాడికి కంప్యూటర్సులో సీటు రాలేదండీ. సివిల్లో వచ్చింది" అంటాడు తండ్రి. ఆ రెండో ముక్క దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గుతుంది. వింటున్న పెద్దమనిషి, "పోనీండి, ఏదో ఒకటి. తర్వాత సాఫ్టువేరులోకి మారవచ్చుగా" అని ఓదారుస్తాడు. చదువింకా మొదలుకాలేదు. కుర్రవాడికి పరామర్శ మాత్రం జరిగిపోయింది!

ఈ పరామర్శ జరిగిన ఊరు ఏది? కాలువగట్టున ఉన్న ఊరు. పరామర్శించిన పెద్దమనిషి మధ్యాహ్నం తిన్న అన్నం ఎక్కడిది? ఆ కాలువ నీటితో పండినది. నిన్న ఆయన కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళి వచ్చిన దారి ఏది? గోదావరి మీది వంతెన. వరద రోజుల్లో ఆయన ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోయేది దేని చాటున? ఏటిగట్టు చాటున. సివిల్ ఇంజనీరు లేకపోతే ఈ సీమలో అరుగులూ లేవు, అరుగుల మీద కబుర్లూ లేవు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. ప్రబంధాలూ వ్యాకరణమూ నా పని గాని, సిమెంటూ కంకరా కాదు. అయినా ఇంటర్మీడియట్ పిల్లల తల్లిదండ్రులు నన్నూ అడుగుతూ ఉంటారు, "సివిల్లో చేర్చమంటారా మాస్టారూ? చేరితే ముందుకు వస్తాడా?" అని. ఆ ప్రశ్నకు నాలుగు మాటల్లో సమాధానం కుదరదు. ఈ గోదావరి ఒడ్డునే దానికి నూట డెబ్భయి ఏళ్ళ సమాధానం ఒకటి ఉంది. అదేమిటో చూద్దాం.

పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు

కాటన్ దొర అంటే మనకు గుర్తొచ్చేది గుర్రం మీద కూర్చున్న విగ్రహం. ఆ ఠీవి చూసి, ఆయన పుట్టుకతోనే ఆనకట్టలు కట్టడం నేర్చి వచ్చాడనుకుంటాం. అసలు సంగతి వేరు. 1803లో పుట్టిన ఆర్థర్ కాటన్ పదిహేనో యేట ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయంలో చేరాడు. 1821లో మద్రాసు రేవులో దిగేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. మొదట్లో ఆయన చేసిన ఉద్యోగం దక్షిణ దేశపు చెరువుల శాఖలో. పల్లెటూరి చెరువు గట్లూ, తూములూ, కలుజులూ చూసుకోవడం. గోదావరి మీద ఆనకట్ట పని మొదలైన 1847 నాటికి ఆయన వయసు నలభై నాలుగు. మధ్యలో గడిచిన పాతికేళ్ళూ ఆయన చేసిన ముఖ్యమైన పని నేర్చుకోవడమే.

ఎవరి దగ్గర నేర్చుకున్నాడన్నది ఇంకా చిత్రం. తంజావూరు సీమలో కావేరి మీద కల్లణై అనే పురాతనమైన ఆనకట్ట ఉంది. కరికాల చోళుడు కట్టించాడని ప్రతీతి. కింద రాతినేల తగలని చోట, ఎంత తవ్వినా ఇసుకే వచ్చే చోట ఆ కట్టడం శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఇసుక మీద రాళ్ళు పోస్తే ఏటి ఒరవడికి కింది ఇసుక కోసుకుపోయి రాళ్ళు దిగబడతాయి. మళ్ళీ పోస్తే మళ్ళీ దిగబడతాయి. అట్లా దిగబడి దిగబడి ఒక లోతున స్థిరపడతాయి. అప్పుడు వాటి మీద కట్టడం నిలుస్తుంది. అడుగు దొరకని ఇసుకలో పునాది నిలిపే విద్య తాము ఆ పాతకాలపు నిర్మాతల నుంచే నేర్చుకున్నామని కాటన్ తర్వాత రాశాడు. పాలించే జాతివాడు, సైన్యంలో పదవి ఉన్నవాడు, పేరైనా తెలియని మన పూర్వుల ముందు శిష్యుడిగా కూర్చున్నాడన్నమాట!

ఆ విద్యనే ఆయన గోదావరికి తెచ్చాడు. అప్పటికి మన సీమ దీనస్థితిలో ఉంది. కరువులూ, తుఫానులూ కలిసి మనుషులను ఊడ్చివేశాయి. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తూ ఉంటే, ఒడ్డున జనం తిండిలేక చచ్చిపోయారు. 1847లో పని ప్రారంభమయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, దాదాపు 12 వేల అడుగుల పొడవున ఆనకట్ట లేచింది. 1852కల్లా పూర్తయింది. ఇప్పటికీ గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ ను తలచుకునే పురోహితులున్నారు.

ఈ కథలో మనం సాధారణంగా చెప్పుకోని భాగం ఒకటుంది. పనికోసం కాటన్ ప్రభుత్వాన్ని కోరిన మనుషుల్లో ఆరుగురు ఇంజనీరు అధికారులతో పాటు, సర్వే, లెవలింగు నేర్పించడానికి ఎనిమిదిమంది కుర్రవాళ్ళు కూడా ఉన్నారు. దొరికినవాళ్ళు అంతకంటె చాలా తక్కువ. అది వేరే మాట. పని వచ్చినవాళ్ళను మాత్రమే ఆయన అడగలేదు, పని నేర్చుకునేవాళ్ళను కూడా అడిగాడు. ఆనకట్ట కడుతూనే ఆనకట్టలు కట్టేవాళ్ళను కూడా తయారు చేయాలని ఆయనకు తెలుసు.

ఆయన వెనక నిలిచిన మనిషి వీణెం వీరన్న. మచిలీపట్నంలో పుట్టినవాడు. వేలాది కూలీలను సమకూర్చి, వారి మాటలో వారికి పని చెప్పి, కాటన్ కు కుడిభుజమై నిలిచాడు. తర్వాత రాయ్ బహద్దూర్ బిరుదు పొందాడు. వీరన్న లేకుంటే ఆనకట్ట లేదని మనవాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. ఆరోగ్యం చెడి కాటన్ కొంతకాలం దూరమైనప్పుడు పని ఆగలేదు. ఆర్ అనే అధికారి దాన్ని నడిపించాడు.

కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు చూడండి. నదిమీద మనుషులు నడిచే వంతెన ఉండడం వింత కాదు. నదిమీద మరో నది నడవడం వింత! 49 కమానుల మీద కాలువ నీరు ఏటిని దాటి నగరం లంకకు చేరింది. దాన్ని కట్టించినవాడు హేగ్ అనే లెఫ్టినెంటు. అప్పటికి అతనికి పాతికేళ్ళు, అటూ ఇటూ. ఈనాటి లెక్కలో బి.టెక్ ముగించి రెండు మూడేళ్ళయిన కుర్రవాడు. 2000వ సంవత్సరంలో పక్కనే డొక్కా సీతమ్మగారి పేరిట కొత్త అక్విడక్టు వచ్చింది. అంతవరకూ ఆ కుర్రవాడి కట్టడమే లంకకు నీళ్ళు పోసింది. పాతికేళ్ళవాడి మీద అంత భారం పెట్టడానికి పైవాడికి గుండె ఉండాలి. ఆ భారం మోయడానికి ఆ కుర్రవాడికి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నేర్చిన విద్య ఉండాలి.

పని ముందు, బడి తర్వాత

మన దేశంలో ఇంజనీరింగు చదువు పుట్టిన తీరు కూడా ఇటువంటిదే. 1794లో మద్రాసు కోటలో ఒక సర్వే పాఠశాల మొదలయింది. విద్యార్థులు ఎనిమిదిమంది. అనాథశరణాలయంలో పెరిగిన పిల్లలు. ఆ బడే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. దాన్ని ప్రారంభించిన మైకేల్ టాపింగ్ కు మన డెల్టాతో దగ్గర సంబంధం ఉంది. 1790ల నాడే ఆయన ఈ తీరమంతా సర్వే చేసి, గోదావరి నీటిని పొలాలకు మళ్ళించవచ్చునని సూచించాడు. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. నేలను కొలిచే మనుషులు కావలసివచ్చి బడి పెట్టారు గాని, బడి ఉంది గదా అని నేలను కొలవలేదు.

ఉత్తరాదిన రూర్కీ కథా అదే. గంగ కాలువ తవ్వేందుకు పనివాళ్ళు కావలసి అక్కడ 1847లో కాలేజీ పెట్టారు. మన ఆనకట్ట పని మొదలైనదీ ఆ ఏడే. మన ప్రాంతానికి ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీ రావడానికి మరో వందేళ్ళు పట్టింది. 1946లో విశాఖపట్నంలో ప్రారంభమై కాకినాడకు తరలివచ్చిన ఆ కాలేజీయే నేటి జె.ఎన్.టి.యు. కాకినాడకు మూలం. అంతకు ముందు మన పిల్లలు గిండీకి వెళ్ళవలసిందే.

అట్లా గిండీలో చదివినవారిలో కానూరి లక్ష్మణరావుగారి పేరు తెలుగువారందరికీ తెలుసు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలో తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా ఒక కన్ను పోయింది. ఇంజనీరుకు కొలత చూసే కన్నే ఆస్తి గదా! అయినా ఆయన ఆగలేదు. గిండీలో పట్టా పుచ్చుకున్నారు. రంగూన్లో పాఠాలు చెప్పారు. 1939లో బర్మింగ్ హామ్ లో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చి గోదావరి మీద తలపెట్టిన రామపాదసాగర్ ఆనకట్ట నమూనా పనిలో పాల్గొన్నారు. తర్వాత నాగార్జునసాగర్ కు పాటుపడ్డారు. కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యారు. చదువు, పని, మళ్ళీ చదువు, మళ్ళీ పని. ఆయన జీవితమంతా ఈ రెంటి మధ్య మగ్గంలోని నాడెలాగా తిరిగింది.

కాలేజీ ఇచ్చేదీ, ఇవ్వనిదీ

ఇప్పుడు మన ఇంటి కుర్రవాడి విషయానికి వద్దాం. దారులు రెండు. పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమాలో చేరవచ్చు. లేదా ఇంటర్ అయ్యాక ప్రవేశపరీక్ష రాసి నాలుగేళ్ళ బి.టెక్ లో చేరవచ్చు. డిప్లొమా అయినవాడు ఈసెట్ రాసి నేరుగా బి.టెక్ రెండో ఏటికి వెళ్ళవచ్చు. డిప్లొమాను మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు గాని, ఆ చదువులో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంది. పదిహేడు పద్దెనిమిదేళ్ళకే బూట్లకు మట్టి అంటుతుంది. అది తక్కువ లాభమేమీ కాదు.

కాలేజీ ఏమిస్తుంది? ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇస్తుంది. దూలంలో ఇనుము కిందివైపున ఎక్కువ ఎందుకు వెయ్యాలి? గట్టు కింద నీరు ఎందుకు ఊరుతుంది? నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతే గోడలు ఎందుకు బీటలు వారతాయి? ఈ జవాబులు పని జరిగే చోట ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కాబట్టి కాలేజీ చదువు అక్కర్లేదనే మాట నేను చెప్పను. లెక్క రాని ఇంజనీరు గుడ్డివాడు.

అయితే కాలేజీ ఇవ్వనిది ఒకటుంది. వరదల వేళ ఏటిగట్టు మీద జరిగేది చూడండి. గట్టుకు ఊరివైపున నేలలోంచి నీరు బుగ్గలుగా పైకి వస్తుంది. లస్కరు వెళ్ళి దోసిట పట్టి చూస్తాడు. తేటగా ఉంటే కాపలా పెడతాడు. బురదగా ఉంటే కేక వేస్తాడు. ఎందుకని? నీరు బురదగా వస్తున్నదంటే గట్టు కింది మట్టి కొట్టుకు వస్తున్నదన్నమాట. లోపల సొరంగం పడుతున్నది. ఇక గండి ఎంతో దూరంలో లేదు. అప్పుడు ఆ బుగ్గ నోరు మూసెయ్యకూడదు. చుట్టూ ఇసుక బస్తాలు బావిలాగా పేర్చి, నీటిమట్టం పెరగనివ్వాలి. ఆ నీటి బరువే లోపలినుంచి వచ్చే వేగాన్ని అణచివేస్తుంది. కాలేజీలో ఇదే విషయాన్ని ఖోస్లా సిద్ధాంతమని సమీకరణాలతో చెబుతారు. పరీక్షలో పదికి పది మార్కులు తెచ్చుకున్నవాడు సైతం అర్ధరాత్రి లాంతరు వెలుగులో ఆ బుగ్గను చూసి పోల్చుకోలేకపోవచ్చు. లస్కరుకు సమీకరణం రాదు. కుర్రవాడికి బుగ్గ తెలియదు. వీళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడితేనే ఊరు మిగులుతుంది.

ఇంటి పని దగ్గరా అంతే. తాపీ మేస్త్రీ సంచిలో తూకం గుండు, రసమట్టం, మూలమట్టం ఉంటాయి. గోడ నిలువుగా ఉందా, వరస సమంగా ఉందా, మూల సరిగా తిరిగిందా అన్న మూడు ప్రశ్నలకు ఆ మూడు సాధనాలూ జవాబులు. కొత్తగా వచ్చిన ఇంజనీరు మొదటి నెలలో ఈ మూడింటినీ తన చేత్తో పట్టి చూడాలి. పనివాడి సామాను ముట్టుకుంటే పరువు పోతుందనుకునేవాడికి ఆ పని ఎన్నటికీ రాదు.

తెలుగు మాస్టారుగా ఇంకొక మాట చెప్పనివ్వండి. డ్రాయింగు ఇంగ్లీషులో ఉంటుంది. మేస్త్రీ తెలుగులో వింటాడు. మధ్యలో ఉన్నవాడు ఇంజనీరు. డ్రాయింగులో ఉన్నదాన్ని నాలుగు తేట తెలుగు మాటల్లో చెప్పలేకపోతే, మేస్త్రీ తలూపి తనకు తెలిసినట్టే కడతాడు. వీరన్న గొప్పతనంలో సగం ఆయన పనివాళ్ళతో మాట్లాడిన మాటలో ఉంది. చదువుకున్న కుర్రవాడికి మేస్త్రీ భాష రావడం నామోషీ కాదు, అర్హత.

ఆ మొదటి అయిదేళ్ళు

చదువు ముగిసింది. ఉద్యోగం దొరికింది. తండ్రి అడిగే మొదటి ప్రశ్న "జీతం ఎంత?" అని. ఉన్నమాట చెప్పుకోవాలి. ప్రైవేటు నిర్మాణ కంపెనీల్లో కొత్తవాడికి మొదట్లో దక్కేది సాఫ్టువేరులో చేరిన స్నేహితుడి జీతంతో పోలిస్తే చాలాచోట్ల తక్కువే. ఎండలో నిలబడాలి. ఊళ్ళు తిరగాలి. పండక్కి ఇంటికి రాలేకపోవచ్చు. ఈ కష్టాలు లేవని చెప్పి పిల్లలను సివిల్లో చేర్పించడం మోసం.

కాని జీతం ఒక్కటే అడిగి ఊరుకోవడం కూడా పొరపాటే. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తల్లిదండ్రులు మరి మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి: వాడికి పైన పని తెలిసిన సీనియరు ఉన్నాడా, ఉంటే దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతాడా? రెండు: లెవలు పట్టడం, డ్రాయింగు చదవడం, ఇనుము కొలవడం, బిల్లు తయారుచెయ్యడం వంటివన్నీ వంతులవారీగా చేతికిస్తారా, లేక మూడేళ్ళూ కూలీల హాజరు పట్టికే రాయిస్తారా? మూడు: రెండు మూడేళ్ళలో ఒక్క కట్టడాన్నయినా పునాది నుంచి పైకప్పు దాకా చూస్తాడా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే జీతం కొంచెం తక్కువైనా చేర్చవచ్చు. మూడింటికీ లేదని వస్తే, జీతం ఎక్కువైనా ఆలోచించండి. ప్రభుత్వోద్యోగ పరీక్షల కోసం గదిలో కూర్చుని ఏళ్ళు గడిపేవారికి కూడా ఇదే మాట. పరీక్ష రాయండి, కాని చేతులు ఖాళీగా ఉంచకండి. అప్రెంటిస్ చట్టం కింద పట్టభద్రులకూ డిప్లొమావారికీ ఏడాది శిక్షణ, కొద్దిపాటి భృతి దొరికే ఏర్పాటు 1970ల నుంచీ ఉంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. కాంక్రీటు వేసేరోజున అందులోంచి కొంత తీసి, నూట యాభై మిల్లీమీటర్ల ఘనపు అచ్చుల్లో పోసి, నీళ్ళలో ఉంచి, ఏడో రోజునా ఇరవై ఎనిమిదో రోజునా యంత్రంలో పెట్టి నలిపి చూస్తారు. చెప్పిన బలం వచ్చిందా లేదా అన్నది అప్పుడు తేలుతుంది. ఒకసారి రాలేదనుకోండి. ఈలోగా పైన మరో అంతస్తు వేసేశారు. కంట్రాక్టరు నవ్వుతూ "ఏముంది బాబూ, ఒక సంతకం" అంటాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఎదురుగా అచ్చు, చేతిలో కలం. వాడి ఇంజనీరింగు చదువుకు అసలు పరీక్ష ఆ క్షణంలో జరుగుతుంది. కాలువ పనుల్లో కొలతల పుస్తకం కథా అంతే. మనవాళ్ళు ఎం.బుక్ అంటారు. తవ్వని మట్టిని తవ్వినట్టు అందులో ఒక్క అంకె పడితే, గట్టు ఆమేరకు బలహీనమై వరద కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆ కలం ఎటు కదులుతుందన్నది చాలావరకు మన ఇళ్ళలోనే నిర్ణయమవుతుంది. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఇంజనీరండీ, జీతం సరే, పై సంపాదన కూడా ఉంటుంది" అని ముసిముసిగా చెప్పుకునే మాట మనం వినలేదా? ఆ మాట అన్న నోటితోనే, గండి పడినప్పుడు "దొంగ వెధవలు, గట్టు సరిగా వెయ్యలేదు" అని తిడతాం. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో ఉండకూడదు. మొదటి అయిదేళ్ళలో కుర్రవాడు "సంతకం పెట్టనన్నాను నాన్నా, వేరే చోటికి పంపించేశారు" అని ఫోను చేస్తే, "మంచిపని చేశావురా" అనగల తండ్రి వెనక ఉండాలి. ఆ ఒక్కమాట ఏ కాలేజీలోనూ దొరకదు.

మన ఆడపిల్లలూ

ఇదంతా మగపిల్లల సంగతే గదా అనుకుంటున్నారేమో! గిండీ కాలేజీలో చదివి 1940లలో పట్టా పుచ్చుకున్న అయ్యలసోమయాజుల లలితగారు మన తెలుగింటి ఆడపడుచు. పద్దెనిమిదో ఏట, చంటిపిల్ల చేతిలో ఉండగా భర్త పోయారు. తండ్రి అండతో ఇంజనీరింగులో చేరి, మన దేశపు తొలి మహిళా ఇంజనీరుగా పేరు పొందారు. ఆవిడది ఎలక్ట్రికల్. ఆ రోజుల్లోనే గిండీలో సివిల్ చదివిన పి.కె. త్రేసియా 1971లో కేరళలో చీఫ్ ఇంజనీరు అయ్యారు.

పాత సంగతులంటారా? మరీ దగ్గరిది చెబుతాను. కాశ్మీరులో చీనాబ్ నది మీద, ఏటి అడుగునుంచి 359 మీటర్ల ఎత్తున రైలు వంతెన కట్టి 2025 జూన్ లో ప్రారంభించారు. ఆ కొండ వాలులో పునాదులు నిలవడానికి సలహా చెప్పినవారు బెంగుళూరు సైన్సు ఇన్ స్టిట్యూట్ ఆచార్యులు జి. మాధవీలతగారు. ప్రకాశం జిల్లా పల్లెటూరి అమ్మాయి. బి.టెక్ సివిల్ చదివింది ఎక్కడనుకున్నారు? మన కాకినాడలోనే. ఆ వంతెన పనికి ఆవిడ పదిహేడేళ్ళు అంటిపెట్టుకుని ఉన్నారు. కాగితం మీద ఊహించిన రాయి ఒకటి, తవ్వితే తేలిన రాయి మరొకటి. తవ్విన కొద్దీ లెక్క మార్చుకుంటూ పోవలసివచ్చిన పని అది. కల్లణై ముందు నిలబడ్డ కాటన్ నేర్చిన పాఠమూ ఇదే. నేల చెప్పేది వినాలి.

సెలవుల్లో ఒక పాఠం

తల్లిదండ్రులు చెయ్యగల తేలిక పని ఒకటుంది. రబీ కోతలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో మన డెల్టా కాలువలకు నీరు కట్టేస్తారు. మరమ్మతులు జరిగేది ఆ రోజుల్లోనే. ఏడాదంతా నీటికింద దాగి ఉన్న లాకుల తలుపులూ, తూముల అడుగులూ, గట్ల కోతలూ అప్పుడు బయటపడతాయి. మన పిల్లలకు సెలవులు కూడా అప్పుడే గదా! సివిల్ చదువుతున్న పిల్లలనే కాదు, చదవాలా వద్దా అని ఊగిసలాడుతున్న పదిహేడేళ్ళవాళ్ళను కూడా ఒక పూట కాలువగట్టుకు తీసుకుపోండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, చూపించండి. రాజమండ్రి ఒడ్డున నిలబెట్టి, 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు రైలు వంతెన, 1997లో పూర్తయిన కమాను వంతెన, మూడూ వరసగా చూపించండి. నూరేళ్ళలో ఇనుము ఏమయింది, కాంక్రీటు ఎట్లా వంగింది అన్నది ఏ పుస్తకమూ అంత స్పష్టంగా చెప్పలేదు. చూసి వచ్చాక ఆ పిల్లవాడు ప్రశ్నలు వేస్తే సివిల్లో చేర్చండి. ఐస్ క్రీం ఎక్కడ దొరుకుతుందని మాత్రమే అడిగితే బలవంతపెట్టకండి.

ఈ సీమలో పని అయిపోలేదు. కాటన్ ఆనకట్ట స్థానంలో 175 తలుపులతో కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. దానికీ నలభై ఏళ్ళు దాటాయి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదను ఈ తీరం మరచిపోలేదు. క్షణానికి ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అటువంటివి 35 లక్షలు! పైన పోలవరంలో ఏటి ఇసుకలో దించిన కాంక్రీటు గోడ వరదల్లో దెబ్బతిని, 2025లో కొత్త గోడ పని మొదలయింది. చూశారా, సమస్య మళ్ళీ పాతదే. అడుగు దొరకని ఇసుకలో పునాది ఎట్లా నిలపాలి? కాటన్ ను వేధించిన ప్రశ్నే ఇవాళ్టి కుర్రవాళ్ళ ముందూ ఉంది. సాధనాలు మారాయి. నది మారలేదు.

కాబట్టి ఈసారి అరుగు మీద ఎవరైనా "మావాడికి సివిల్లో సీటు వచ్చింది" అంటే, పరామర్శ చెయ్యకండి. "ఎవరి దగ్గర పని నేర్పిస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు మంచి జవాబు వెతికే తండ్రి ఊరికి పది తరాలపాటు నిలిచే గట్టు వేసినవాడవుతాడు.